కథలో అత్త క్షమించింది

వేసవి చివరికొచ్చి, ఇంకా మబ్బు మొహం కనిపించని రోజుల్లో ఆస్పరి పక్క ఆ పల్లెలో ఆడవాళ్ళకు ఒకటే పని, విత్తనానికి బుడ్డలు ఒలవడం. వేరుశనగను అక్కడ బుడ్డలంటారు. మిషన్లో వేస్తే గింజ మీది పొర చిట్లిపోతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని తినేదానికి ఎట్లా ఒలిచినా, విత్తేదానికి మాత్రం చేత్తోనే ఒలవాలి. సిద్దమ్మ ఇంటి ముందు రేకుల పంచలో గోనెపట్టలు పరుచుకుని, ఊళ్ళో ముసలీ ముతకా, కోడళ్ళూ కూతుళ్ళూ అందరూ అక్కడే చేరతారు.

ఆ పంచలో మహాదేవి ఒలవదు. చదువుతుంది. ఆమె చదివినంతసేపూ ఆమె వంతు బుడ్డలు మిగతావాళ్ళు తలా ఇన్ని ఒలిచి ఆమె చాటలో పోస్తారు. ఈ ఏర్పాటు సిద్దమ్మది.

"నీ సాట మేం నింపుతాం గాని, నువ్వు సదువు మే. కత ఇనకుంటే నాకు సెయ్యి ఆడదు" అంది మొదటిరోజే.

మహాదేవి చదువు ఏడో తరగతితోనే ఆగింది. అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కో మాటనూ మెట్టు దిగినట్టు దిగుతూ చదువుతుంది. అందుకే ఏ కథైనా ముందు ఇంట్లో తనొక్కతే చదువుకుని, ఏడవాల్సింది ఏడ్చుకుని, తర్వాతే పంచలోకి తెస్తుంది. పదిమందిలో గొంతు పూడుకుపోతే బాగుండదని ఆమె భయం.

పుస్తకాలిచ్చేది రేణుక. కౌతాళం దగ్గర పల్లెలో ఇద్దరూ ఒకే వీధిలో పుట్టి, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. మహాదేవి పెళ్ళయి ఇటొస్తే, రేణుక డిగ్రీ చదివి ఎమ్మిగనూరులో టీచరైంది. మాసపత్రికలకు కథలు కూడా రాస్తుంది. రెండేళ్ళ కింద మహాదేవి మొగుడు జయరాం పోయినప్పుడు, ఓదార్చడానికి వచ్చినవాళ్ళందరూ ఏవేవో చెప్పిపోయారు. రేణుక మాత్రం ఏమీ చెప్పలేదు. దిండు పక్కన ఒక పుస్తకం పెట్టి వెళ్ళిపోయింది.

గోడకేసి తిరిగి పడుకుని పడుకుని విసుగొచ్చిన ఒక మధ్యాహ్నం మహాదేవి దాన్ని తెరిచింది. మొదటి కథలో ఒక ఆడమనిషి మొగుడు పోయాక మొదటిసారి పొయ్యి రాజేస్తుంది. కూర మాడిపోతుంది. ఇంట్లో ఎవరూ అనకముందే తనను తానే తిట్టుకుంటుంది, ఆ మాడిన కూరతోనే పిల్లలకు రొట్టె పెడుతుంది. అంతే కథ. మహాదేవి అక్కడే ఆగిపోయింది. తనూ అట్లాగే కూర మాడ్చి తిట్టుకుంది. ఎవరో తన వంటింట్లోకి తొంగి చూసి రాసినట్టుంది. అయినా సిగ్గనిపించలేదు, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. మరునాడు లేచి తలస్నానం చేసింది.

అప్పటినుంచీ ఆమెకు ఇప్పటి కథలంటే పిచ్చి. సిద్దమ్మకు మాత్రం మొదట్లో నచ్చలేదు.

"ఇదేం కత మే? రాజు లేడు, రాచ్చసుడు లేడు. ఒగామె లేచింది, రొట్టె తట్టింది, బస్సెక్కింది. ఇంతమాత్రానికి అచ్చెయ్యల్లా? నా కత రాయమను, ఇంతకన్నా బాగుంటాది."

"అదే అక్కా, నీ కతే రాస్తాండారు ఇప్పుడు" అనేది మహాదేవి. "రాజులు ఎట్ల బతికినారో మనకేంటికి? పడిపోయినోళ్ళు మళ్ళా ఎట్ల లేస్తారో, వాళ్ళకు ఎవరు సెయ్యిస్తారో, అది గదా తెలియాల్సింది."

అనగా అనగా సిద్దమ్మకే రుచి తగిలింది. ఒకరోజు చదవకపోతే, "ఆ బస్సెక్కినామె దిగిందా లేదా?" అని ఇంటికొచ్చి అడిగేది.

పంచలో అందరికన్నా ముందొచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చునేది సుంకులమ్మ, మహాదేవి అత్త. ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. సుంకులమ్మకు కథలతో పెద్ద పని లేదు. ఏ కథ అయిపోయినా ఆమె చివర్లో ఒకే మాట కలుపుతుంది.

"నా కొడుకూ అంతే. పోతా పోతా 'అమ్మ మీద నాకు కోపం లేదని సెప్పు' అన్యాడంట."

ఆ మాట ఊరందరికీ కంఠతా వచ్చు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు, గాజులమ్మే ఆమెకు, పింఛనిచ్చే పిల్లకు అందరికీ చెప్పింది. ఆ మాట మీదనే సుంకులమ్మ బతుకుతోంది. మనిషి పోయిన కొత్తలో అన్నం ముట్టకుండా పడుంటే, ఆ ఒక్క మాటే ఆమెను లేపి కూర్చోబెట్టింది.

ఆ మాట జయరాం అనలేదు.

ఆ ఏడు సుగ్గికి పోతున్నప్పుడు తల్లీకొడుకులు కొట్లాడుకున్నారు. సుగ్గి అంటే వానలు మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళమేసి, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోవడం. జయరాంకు అప్పటికే ఆయాసం. "ఈయేడు వద్దురా" అంది సుంకులమ్మ. వినలేదు. విసిగిపోయి, "పోతే పో, మళ్ళా నా మొగం సూడొద్దు" అనేసింది. ప్రేమతోనే అంది. కాని అంది. జయరాం వెనక్కి తిరగకుండా బండెక్కాడు, వెనకే మహాదేవి ఎక్కింది.

మిరపచేను గట్టు మీది గుడిసెలో, ఒక పొద్దున, గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆటో కోసం మనిషి పరిగెత్తాడు. మహాదేవి అతని తల ఒళ్ళో పెట్టుకుని, "అమ్మకు ఫోన్ సేద్దునా?" అని అడిగింది.

"వద్దు" అన్నాడు జయరాం. ఆటో వచ్చేసరికి మనిషి లేడు.

ఆ 'వద్దు'ను మహాదేవి ఊరికి తీసుకురాలేదు. వచ్చేదారిలో ఎక్కడో ఆ కోపం లేదన్న మాటను పుట్టించి అత్త చేతిలో పెట్టింది. నిజాన్ని మాత్రం మింగలేక, కక్కలేక ఏడాది పాటు లోపలే ఉంచుకుని, చివరికి ఒకే ఒక్కరికి చెప్పింది. ఎమ్మిగనూరులో రేణుక ఇంట్లో, పక్కింటి మగ్గం టకటకమంటుంటే, ఏదో కథ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పేసింది. రేణుక ఆమె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆరోజు బస్సులో తిరిగొస్తూ, కథలంటే మనుషుల్ని ఇట్లా దగ్గర చేసేవే కదా అనుకుంది మహాదేవి.

ఈ వేసవిలో, బుడ్డలు ఒలిచే కాలానికే, రేణుక కొత్త కథ అచ్చయిన పత్రిక పోస్టులో వచ్చింది. పేరు చూడగానే మహాదేవికి కాలు నిలవలేదు. చదువుకుని తీసుకుపోదామన్న ఓపిక కూడా లేకపోయింది. ఆరోజు ఒక్కరోజే ముందుగా చదవకుండా పంచలోకి పోయింది.

"సూడండి, నా స్నేయితురాలు. నాతో ఒగే బెంచీ మీద కూచున్నిది" అని పత్రిక అందరి మొహాల ముందూ తిప్పింది.

"పొటో బాగుండాది గాని, కండ్లద్దాలు మొగానికి పెద్దవైనాయి" అంది సిద్దమ్మ. "సదువు, సదువు."

కథ సుగ్గితోనే మొదలైంది. ఇళ్ళకు తాళాలు, బండి మీద మూటలు, గిన్నెల చప్పుడు. పంచంతా ఒక్కసారి లేచి కూర్చుంది. "మన సుగ్గే మే! అచ్చం మనదే!" అన్నారు. మహాదేవి నవ్వుతూ చదివింది. కథలో ఆమె పేరు పార్వతి. బండెక్కేముందు పార్వతి మొగుణ్ణి తల్లి తిట్టింది. 'మళ్ళీ నా మొహం చూడొద్దు' అంది.

మహాదేవి వేలు ఆ మాట కింద ఆగింది. గొంతు ముందుకు పోతోంది, కళ్ళు మాత్రం దానికన్నా ముందే కింది వరుసల్లోకి పడిపోయాయి. గుడిసె, మిరపచేను గట్టు, ఒళ్ళో తల. ఇంకా కిందికి, తను రేణుకకు ఏ మాటల్తో చెప్పిందో ఆ మాటలే. 'అమ్మకు ఫోన్ చేద్దునా?' ఆ కిందే, ఒక వరుసలో ఒంటరిగా, 'వద్దు.'

ఎదురుగా స్తంభానికి ఆనుకుని సుంకులమ్మ, చేతిలో ఒలవని బుడ్డ అట్లాగే పెట్టుకుని వింటోంది.

"ఏమైంది మే, నిలిపేసినావు?" అంది సిద్దమ్మ.

"కండ్లలో దుమ్ము పడింది అక్కా" అని, మహాదేవి పత్రికను మొహానికి దగ్గరగా లాక్కుంది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. అచ్చులో లేనిదాన్ని. వేలు వరుసల కింద నడుస్తూనే ఉంది, నోరు మాత్రం వేరే కథ చెబుతోంది. "'అమ్మకు ఫోన్ చేద్దునా' అని పార్వతి అడిగితే, అతను కళ్ళు తెరిచి, 'అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు' అన్నాడు…" ఏడో తరగతి చదువుతో, అప్పటికప్పుడు, పుస్తకం మాటల్లాంటి మాటలు వెతుక్కుంటూ కథను ఒడ్డుకు చేర్చింది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

పంచలో ముక్కులు చీదుకున్న చప్పుళ్ళు. సుంకులమ్మ మాత్రం ఏడవలేదు. మొహం వెలిగిపోయింది.

"నా కొడుకు కతే ఇది. నువ్వే సెప్పినావు గదా ఆయమ్మకు?"

"ఊఁ" అంది మహాదేవి.

"మంచి పని సేసినావు. నా కొడుకు మాట పుస్తకంలోకి ఎక్కింది." చెయ్యి చాపింది. "ఇట్లియ్యి. నేను దాసుకుంటా."

"అది తిరిగి ఇయ్యాల అత్తా, రేణుకకు."

"ఆమెకు ఇంగోటి ఉంటాది. ఇది నా కొడుకుది" అని లాక్కుని, కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుంది. ఆ రోజంతా ఒడిలోంచి దించలేదు. పడుకున్నప్పుడు తల కింద పెట్టుకుంది.

మరునాడు అన్నం వండి మూతపెట్టి, ఆదోని దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో మహాదేవి ఎమ్మిగనూరు పోయింది. ఏం అడగాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. రేణుక తలుపు తీసి, మొహమంతా నవ్వుతో, "సదివినావా?" అంది.

"ఆ ఒక్క మాట మార్చి ఇంగో పుస్తకం అచ్చేయించు" అంది మహాదేవి, గడప దాటకముందే.

రేణుకకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "అట్ల కుదరదు మే. అది ఎన్ని వేలమంది ఇండ్లకు పోయిందో. పేర్లు మార్చినా గదా? ఊరు పేరు కూడా యాడా రాయలేదు."

"మా అత్తను యాడ మార్చినావు?"

"మీ అత్తకు సదువు రాదు గదా అనుకున్యా." అనేశాక ఆ మాట తనకే బాగనిపించలేదు కాబోలు, వెంటనే పక్కనున్న ఫోన్ తీసింది. "సూడు, ఎంతమంది రాసినారో. కష్టానికి తలవంచని మనిషి కత అన్యారు. మనిషికి మనిషే ఆసరా అని సెప్పినావన్యారు. ఒగామె, నేను మా అత్తతో మూడేండ్ల తర్వాత మాట్లాడినా నీ కత సదివి, అని రాసింది. అదంతా నీ వల్లనే మాదేవీ. నీ కత నువ్వు సెప్పుకోలేవని నేను సెప్పినా."

"నేను సెప్పుకున్యా. నీకు."

పక్కింటి మగ్గం ఆగి, మళ్ళీ మొదలైంది.

"కడదాకా సదివినావా?" అంది రేణుక కాసేపటికి, మెల్లగా. "చివర్లో అత్తకు నిజం తెలుస్తాది. కోడలి తల నిమిరి, 'నీ అబద్ధమే నన్ను బతికించింది తల్లీ' అంటాది. అది నీ కోసమే రాసినా."

"నువ్వు రాసిన ముసిలామె రెండు మాటల్లో క్షమించేసింది. మా ఇంట్లో ముసిలామె కూడు మానేస్తాది. ఆమెకు గంజి తాపేదానికి నువ్వొస్తావా, నీకు రాసినోళ్ళొస్తారా?" మహాదేవి లేచింది. తలుపు దాకా పోయి ఆగింది. "ఒగటి సెప్పు. ఆరోజు నా సెయ్యి పట్టుకున్యావు సూడు, అప్పుడే లోపల రాసుకుంటాండినావా?"

రేణుక కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. కాదనలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, మొట్టమొదటి కథలో కూర మాడ్చుకున్నామె గుర్తొచ్చింది మహాదేవికి. ఆమెది ఏ ఊరో. తన కూర సంగతి ఎవరికి చెప్పుకుందో. అది అచ్చయిందని ఆమెకు తెలుసో తెలియదో. రెండేళ్ళుగా ఎంతమంది వంటిళ్ళలోకి తొంగిచూసి తను ఓదార్పు తెచ్చుకుందో అనిపించింది. ఆ కథలు అబద్ధాలని అనుకోలేకపోయింది, ఇకమీదట వాటిని అంత తేలికగా తెరవగలననీ అనుకోలేకపోయింది. బస్సు ఆదోనిలో ఆగినా దిగాలని గుర్తులేక, కండక్టర్ అరిస్తే దిగింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిలి బయటే సిద్దమ్మ కూతురు యశోద నిలబడుంది. ఆదోనిలో డిగ్రీ చదివే పిల్ల, సెలవులకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"పిన్నీ, నాకు తెలీదు. 'నా కొడుకు మాట ఇంగోసారి సదువు' అని అవ్వ అడిగితే సదివినా. మొత్తం సదివేసినా."

మహాదేవి ఆ పిల్ల భుజం తట్టి లోపలికి నడిచింది. మూతపెట్టిన అన్నం మూతపెట్టినట్టే ఉంది. సుంకులమ్మ మంచం మీద గట్టిగా, నిటారుగా కూర్చునుంది. పత్రిక మంచం అంచున పడుంది.

"దా. కూచో. సదువు."

"అత్తా…"

"రాసింది రాసినట్టు సదువు. ఆ పిల్ల గడగడా సదివేసింది. నాకు సగం అందలే. నువ్వు నిదానంగా సదువుతావు."

మహాదేవి కింద కూర్చుని, పత్రిక తెరిచి, వేలు పెట్టింది. సుగ్గి చదివింది. మూటలు, గిన్నెల చప్పుడు. తల్లి తిట్టు. గుడిసె. 'అమ్మకు ఫోన్ చేద్దునా?' అక్కడ ఊపిరి తీసుకుని, "వద్దు" అని చదివింది.

"ఆ మాట మళ్ళా సదువు."

"వద్దు."

సుంకులమ్మ తల ఊపింది, చదవమన్నట్టు. కథ చివరికొచ్చింది. కథలో అత్త కోడలి తల మీద చెయ్యి వేసింది.

"ఆపు" అంది సుంకులమ్మ. "ఈ ముసిల్ది ఎవరు? నేను కాదు. నేనింత మంచిదాన్ని కాదు. నీ తల నిమిరేది నాకు రాదు."

మహాదేవి పత్రిక మూసింది.

"నాకు అబద్ధం సెప్పినావని కాదు మే. సచ్చినోని మాట ఎవురైనా తీపి సేసే సెప్తారు. నేనైనా అంతే సేసుందును. నిజం ఉండాది సూడు, దాన్ని ఎత్తుకోని ఎమ్మిగనూరు దాకా పోయినావు. నా కొడుకు మాట అది. పక్క మంచంలో పండుకున్యా నేను. నాకు సెప్పలే. 'కోపం లేదన్యాడు, కోపం లేదన్యాడు' అని నేను ఊరంతా దండోరా ఏస్కుంటా తిరుగుతాంటే, నువ్వూ ఆయమ్మా కూచోని నన్ను సూసి ఏమనుకున్యారు?"

మధ్యాహ్నం తను రేణుక గడపలో నిలబడి అడిగినదానికి రేణుక ఎందుకు కళ్ళద్దాలు తుడుచుకుందో ఇప్పుడు మహాదేవికి తెలిసింది. తుడుచుకోవడానికి తనకు కళ్ళద్దాలు కూడా లేవు.

ఇంట్లో చీకటి పడుతోంది. లైటు వెయ్యడానికి ఎవరూ లేవలేదు.

"వాడు వద్దన్యప్పుడు" అంది సుంకులమ్మ, గోడ వైపు చూస్తూ, "ఎట్లన్యాడు? కోపంగా అన్యాడా?"

పత్రికలో అది లేదు. రేణుక అడగలేదు కాబట్టి రేణుకకూ తెలియదు. మహాదేవి నోట్లోకి మళ్ళీ ఒక తీపి మాట వచ్చింది, నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నాకు తెలీదు అత్తా. అంతకు ముందర నీళ్ళడిగినాడు. ఆ గొంతుతోనే అన్యాడు."

"నీళ్ళిచ్చినావా?"

"ఇచ్చినా."

"తాగినాడా?"

"కొంచెం. సగం బయటికొచ్చింది."

సుంకులమ్మ ఆమె వైపు తిరగలేదు. మంచం పట్టెను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇంగా?" అంది.